రెండువందల ఎనభయ్యారు ఫారాలు

నేను మునిసిపల్ ఆఫీసులో కుక్కల లైసెన్సు గుమాస్తాని. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, మధ్యలో నవ్వితే నాకు చిరాకు. ఈ ఉద్యోగం పేరు చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళ మూతి ఒక పక్కకి వంకరపోవడం పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. మా బావమరిది ఇప్పటికీ నన్ను "భౌ బావా" అనే పిలుస్తాడు.

నా కిటికీ కింది అంతస్తులో, నీళ్ళ కనెక్షన్ల కిటికీకీ జనన మరణాల కిటికీకీ మధ్యన ఉంటుంది. అటూ ఇటూ ఎప్పుడూ తొక్కిసలాట, నా దగ్గర ఈగలు. ఊళ్ళో ప్రతి పెంపుడు కుక్కకీ లైసెన్సు ఉండాలని, మెడలో మునిసిపాలిటీ బిళ్ళ వేలాడాలని చట్టం చెబుతోంది. అది చెబుతూనే ఉంటుంది, జనం వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటూనే ఉంటారు. ఏడాదికి యాభైమంది వస్తే ఆ ఏడు గొప్పగా గడిచినట్టు. మిగతా రోజుల్లో పేపరు చదువుకోవడం, పక్క కిటికీల తగాదాలు వినడం.

ఇస్త్రీ అక్క వచ్చిన రోజు కూడా పేపరే చదువుతున్నాను. పొట్టి మనిషి, నలభై ఎనిమిదేళ్ళుంటాయి, చేతుల నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు. నాకంటే ఏడేళ్ళు చిన్నదే అయినా ఇప్పుడు అందరిలాగే నేనూ అక్కా అనే అంటాను. ఆ రోజు మాత్రం పేపరు దించకుండానే "ఏం కావాలమ్మా?" అన్నాను. సమాధానం లేదు. మళ్ళీ అడిగాను. అప్పుడు ఒక చెయ్యి కిటికీలోంచి లోపలికి వచ్చి నా పేపరు కిందికి లాగింది.

"కుక్కకి లైసెన్సు కావాలండీ. సహాయం చేసే కుక్కకి," అంది, హాలంతా తిరిగి చూసేంత గట్టిగా.

ఫారం తీసి ఇచ్చాను. మామూలుగా జనం ఫారం తీసుకోగానే సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటారు. ఈవిడ అక్కడే నిలబడి, పై నుంచి కింది దాకా వేలు పెట్టుకుని చదివింది. వెనక్కి తిప్పి కూడా చూసింది.

"ఇందులో నా గడి లేదు."

"ఏ గడి?"

"రెండే ఉన్నాయి. పెంపుడు కుక్క, గుడ్డివాళ్ళకి దారి చూపించే కుక్క. నాకు కళ్ళు బానే ఉన్నాయండీ, చెవులే పనిచెయ్యవు. నాకు వినబడాల్సినవి మా కుక్క బొగ్గు వింటుంది. దానికి గడి ఏది?"

నేనేదో గొణిగాను. ఆవిడ నా మొహంలోకి పట్టి పట్టి చూసి, తల అడ్డంగా ఊపింది.

"గుమాస్తా గారూ, మీ మీసం పెదాల మీదికి దిగిపోయింది. ఒక్క మాటా కనబడట్లేదు."

జనన మరణాలాయన పకపకా నవ్వాడు. ముప్ఫై ఏళ్ళుగా పెంచుకున్న మీసమది. పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ కళ్ళలో వెటకారం లేదు, పని కావాలన్న ఆత్రం తప్ప. రెండు వేళ్ళతో మీసం పైకెత్తి పట్టుకుని, "ఇంకో గడి లేదమ్మా," అన్నాను. నా బతుకులో నేను అంత వెధవలా ఎప్పుడూ కనిపించి ఉండను.

ఆవిడ సంగతి నాకు ఒక్కరోజులో తెలిసింది కాదు. ఆ నెలంతా ఆవిడ దగ్గరా, లాండ్రీ బండి తోలే వాళ్ళాయన దగ్గరా ముక్కలు ముక్కలుగా విన్నాను. తెలిసినదంతా ఇక్కడే చెప్పేస్తాను.

ఊళ్ళోకెల్లా పెద్ద లాండ్రీలో ఆవిడ ఇస్త్రీ గదికి మేస్త్రి. హోటళ్ళ దుప్పట్లు, హాస్టళ్ళ యూనిఫారాలు, వందలాది ఇళ్ళ బట్టలు అక్కడికే వస్తాయి. ఇంటికో నంబరు, ఆ నంబరు కాలరు లోపల ఎర్రదారంతో కుట్టి ఉంటుంది. పందొమ్మిదేళ్ళ వయసులో అక్కడ చేరింది. ముప్ఫై ఒకటో ఏట పెద్ద జ్వరం వచ్చి నెలరోజులు మంచాన పడింది. లేచాక, పక్కింటివాళ్ళు రేడియో పెట్టడం మానేశారేమిటా అనుకుందట. మానేసింది వాళ్ళు కాదని తెలిసేసరికి రెండు రోజులు పట్టింది. వారం ఏడ్చింది. ఎనిమిదో రోజున అద్దం ముందు కూర్చుని, పక్కన తోడికోడల్ని కూర్చోబెట్టుకుని, "నువ్వు మాట్లాడు, గొంతు రానియ్యకు, పెదాలు కదుపు," అంది. ఆరునెలల్లో పెదాలు చదవడం నేర్చేసుకుంది. ఇంట్లో ఎవరు ఏ మూల గుసగుసలాడినా దొరికిపోతారని వాళ్ళాయన ఇప్పటికీ లబోదిబోమంటాడు.

తోడికోడలు అంటే వాళ్ళాయన తమ్ముడి భార్య. అదే గదిలో, పక్క బల్ల. తోడికోడళ్ళకి పడదని లోకం అనుకుంటుంది. వీళ్ళిద్దరూ మాత్రం ఒకరి చీపురు ఒకరు లాక్కుని ఇల్లు ఊడ్చే రకం.

ఆ గదిలో ఆవిరి గొట్టాలు బల్లల పక్కనే నేలబారుగా వెళతాయి. గొట్టాల్లో నీళ్ళు పేరుకుంటే బాయిలరాయన వాటిని బయటికి వదలాలి, రోజుకి నాలుగైదుసార్లు. వదిలేముందు ఈల వేస్తాడు. ఈల వినగానే గొట్టం పక్కనున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి జరగాలి. జరక్కపోతే సలసలకాగే ఆవిరి ఒంటి మీదికి కొడుతుంది. అక్క కోసం ఒక ఎర్రబల్బు పెట్టి చూశారు. ఇస్త్రీ చేసేవాళ్ళ కళ్ళు బట్ట మీద ఉంటాయి గానీ బల్బు మీద ఉంటాయా? పైగా ఆ పొగలో బల్బేమిటి, ఎదురుగా ఉన్న మనిషే సరిగా కనబడడు. అందుకని ఏళ్ళ తరబడి తోడికోడలే ఈల వినగానే అక్క భుజం పట్టుకుని వెనక్కి లాగేది. ఒకరోజు లాగడం ఒక్క క్షణం ఆలస్యమైంది. అక్కకి ఏమీ కాలేదు. తోడికోడలి కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఉడికిపోయింది.

ఆసుపత్రి వరండాలోనే అక్క నిర్ణయించేసుకుందట. ఇక తన చెవుల కోసం ఇంకో మనిషి చర్మం కాలకూడదు. వీధిలో దొరికిన నల్లకుక్కపిల్లని ఇంటికి తెచ్చుకుంది. పదకొండు నెలలు దానికి నేర్పారు. ఈల వేసేది తోడికోడలు, అది వచ్చి ముక్కుతో మోకాలి వెనక పొడిస్తే బిస్కెట్టు పెట్టేది అక్క. వీధంతా ఆ ఈలకి విసిగిపోయింది. పాత మేనేజరు ఒప్పుకుని దాన్ని ఇస్త్రీ గదిలోకి రానిచ్చాడు. రెండేళ్ళు ఎవరికీ చిన్న బొబ్బ కూడా రాలేదు.

ఇప్పుడు కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనకి ఇన్సూరెన్సు కంపెనీ ఉత్తరం రాసింది. పనిచేసే చోట జంతువులు ఉండకూడదు, లైసెన్సున్న సహాయ జంతువు అయితేనే పరవాలేదు అని. నెలాఖరులోపు కాగితం తెస్తే సరే, లేకపోతే మడతల గదికి వెళ్ళాలి, ఈలోగా కుక్క గేటు దగ్గరే ఉండాలి అన్నాడాయన. మడతల గదంటే కొత్తగా చేరినవాళ్ళు దుప్పట్లు మడతపెట్టే చోటు. ఇరవై తొమ్మిదేళ్ళ చెయ్యి ఆవిడది. "నేను తప్పు చేశానా, వెళ్ళడానికి?" అంది నాతో. ఆవిడ నా కిటికీకి వచ్చేసరికి నెలాఖరుకి ఇరవయ్యారు రోజులు మిగిలాయి.

నాకు తోచిన సలహా నేనిచ్చాను. నా మంచితనం చూడండి.

"అమ్మా, ఆ రెండో గడిలో టిక్కు పెట్టెయ్యండి. ఎవరు చూడొచ్చారు?"

"గుడ్డిదాన్నని రాయమంటారా?"

"కాగితం మీదే కదా."

"రేపెవరో చూసి, ఈవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది, గుడ్డిదేమిటి అంటే? అబద్ధం నాది, శిక్ష బొగ్గుకి. అక్కర్లేదు," అని సంచిలోంచి ఒక కాగితాల దొంతర తీసింది. లైబ్రరీలో కాపీ తీయించుకున్న మునిసిపల్ నిబంధనల సవరణ. నాలుగేళ్ళ కిందటిది. వైకల్యం ఉన్న మనిషికి, ఆ వైకల్యానికి సంబంధించి ఒక నిర్దిష్టమైన పని చేసేలా శిక్షణ పొందిన కుక్క సహాయ కుక్కే అని అందులో ఉంది. అది యజమానితో పాటు పనిచేసే చోటికి వెళ్ళవచ్చని కూడా ఉంది. శిక్షణ ఎవరివ్వాలో మాత్రం ఎక్కడా లేదు. ఇలాంటి కుక్కలకి ఆకుపచ్చ బిళ్ళ, కొత్త ఫారం.

నేను ఆ సవరణ చదవలేదు. పందొమ్మిదేళ్ళ గుమాస్తాని, నా కిటికీ తాలూకు చట్టం నాకు ఒక ఇస్త్రీ చేసే మనిషి చూపించాల్సి వచ్చింది. సిగ్గేసింది. సిగ్గేస్తే నేను కసురుకుంటాను, అది నా జబ్బు.

"కొత్త ఫారం ఉందని రాసుంటే సరిపోయిందా? అచ్చవ్వాలా వద్దా?"

"నాలుగేళ్ళయినా ఎందుకవ్వలేదు?"

దీనికి మా ఆఫీసు పద్ధతి చెప్పాలి. ఎప్పుడో ఒక ఆఫీసరు పాత ఫారాలు కట్టలు కట్టలు తగలేసి కొత్తవి వేయిస్తే, ఆడిట్‌వాళ్ళు వచ్చి దుమ్మెత్తిపోశారు. అప్పటి నుంచీ మా దగ్గర ఒక సర్క్యులరుంది. పాత నమూనా పూర్తిగా ఖర్చయ్యేదాకా కొత్త నమూనా అచ్చు వేయకూడదు. పక్కన జనన మరణాల కిటికీలో ఇప్పటికీ మంత్రసాని వేలిముద్రకి చోటున్న ఫారమే నడుస్తోంది. నా కుక్కల ఫారాలకి గిరాకీ లేదు కాబట్టి, నాలుగేళ్ళయినా పాతవి అయిపోలేదు.

ఆవిణ్ణి మా ఆఫీసరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచివాడు, అదే ఇబ్బంది. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. చేత్తో ఇంకో గడి గీసి ఇస్తే కుదరదా అని అక్క అడిగింది. కుదరదు, ఆకుపచ్చ బిళ్ళలు కొత్త ఫారం నంబరు మీదే వస్తాయన్నాడు. మిగిలిన పాతవి చింపేస్తే? చింపితే కారణం రాయాలి, రాసింది ఆయన సంతకం పెట్టాలి, వచ్చే ఏడు ఆయన రిటైరవుతున్నాడు. "నా సర్వీసులో ఇంతవరకూ ఒక్క ఆడిట్ అభ్యంతరం లేదమ్మా," అన్నాడు, పసిపిల్లని చూపించినట్టు.

అక్క నా వైపు తిరిగింది. "పాతవి ఎన్నున్నాయి?"

స్టోరులోకి వెళ్ళి లెక్కపెట్టాను. నూరేసి ఫారాల కట్టలు రెండు, విడిగా ఎనభయ్యారు.

"అవైపోతే కొత్తవి ఎన్ని రోజుల్లో వస్తాయి?"

"అచ్చుకి మూడు రోజులు," అన్నాడు ఆఫీసరు. ఆ మాట అనగలిగినందుకు ఆయన ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడో. రెండువందల ఎనభయ్యారు ఫారాలంటే ఏడాదికి యాభై చొప్పున దాదాపు ఆరేళ్ళు మరి.

"సరే," అంది అక్క. టీ తాగేసి, గ్లాసు బల్ల మీద బోర్లించి వెళ్ళిపోయింది. పీడ విరగడైందనుకున్నాను.

మర్నాడు పది గంటలకి నా కిటికీ ముందు పదకొండుమంది నిలబడ్డారు. తొమ్మిది మంది చేతుల్లో కుక్కలు, మిగతా ఇద్దరి చేతుల్లో కుక్కల ఫోటోలు.

ఎవరింట్లో కుక్కుందో మునిసిపాలిటీకి తెలియదు. నాకు తెలియదు. ఇస్త్రీ చేసేవాళ్ళకి తెలుసు. ఎంత ఉతికినా కుట్టుల్లోనూ, కాలరు మడతలోనూ కుక్క వెంట్రుకలు మిగిలిపోతాయి, వేడి తగలగానే పైకి లేస్తాయి. ఆరువందల పధ్నాలుగో నంబరు ఇంట్లో తెల్లకుక్కలు రెండు, నూట ఏడులో ముసలి గోధుమరంగుది, బొచ్చు రాలిపోతోంది, పాపం. ఇదంతా అక్కకి నోటికొచ్చు. పని దిగాక వాళ్ళాయన బండెక్కి, నంబరు నంబరుకీ వెళ్ళి తలుపు తట్టడం మొదలుపెట్టింది. ఆ మూడు వారాలూ కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది.

ఒక ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళాయన చెప్పాడు. ఇంటావిడ తలుపు సందులోంచే, "మా ఇంట్లో కుక్కే లేదు," అందట. లోపల్నుంచి కుక్క మొరుగుతూనే ఉంది. వాళ్ళాయన నవ్వాపుకోలేక బండి చాటుకి పోయాడు. అక్కకి ఆ మొరుగుడు వినబడదు, ఆవిడకి అవసరమూ లేదు. ఆ ఇంటి దిండు గలీబే బయటికి తీసి, పొడుగాటి నల్లవెంట్రుక ఒకటి రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇది మీ ఆయనదా అమ్మా?" అని అడిగిందట. మర్నాడు ఆ ఇంటావిడ నా కిటికీ దగ్గర వరసలో మూడోది.

నా సంగతి చెప్పాలంటే తల ప్రాణం తోకకొచ్చింది. టీకా కాగితం చూడాలి, వయసు రాయాలి, రంగు రాయాలి, బిళ్ళ కట్టాలి. కుక్కలు ఒకదాన్నొకటి చూసి ఊరుకుంటాయా? జనన మరణాలాయన రెండోరోజే బల్ల మీదికెక్కి కూర్చుని, అక్కణ్ణుంచే సర్టిఫికెట్లు రాశాడు. నీళ్ళ కనెక్షను కోసం వచ్చిన పెద్దాయన వరస తప్పి నా దగ్గరికొచ్చి, తన ఇంటికి పోసే నీళ్ళ గురించి పావుగంట చెప్పుకున్నాడు. చివర్లో, "అన్నట్టు మా ఇంట్లోనూ కుక్కుంది," అని ఒక ఫారం పట్టుకుపోయాడు. ఆ లాండ్రీ మేనేజరు కూడా వచ్చాడు, రెండు కుక్కల్నీ వెంటేసుకుని. అక్క మీద ఆయనకి కోపమేమీ లేదు, ఇన్సూరెన్సు ఉత్తరమంటే భయం, అంతే. ఇంటికెళ్ళి సోఫాలో పడితే మా ఆవిడ, "ఏమైంది?" అనేది. "చట్టం అమలవుతోంది," అనేవాణ్ణి. మూడోరోజుకల్లా మీసం కత్తిరించుకున్నాను. వరసలో నలభైమంది ఉండగా ఒక చేత్తో మీసం పట్టుకుని ఇంకో చేత్తో రాయడం ఎవరి వల్ల అవుతుంది?

అయినా అప్పటికి నాదంతా విసుగే. నేను మారింది ఆ తరువాతి బుధవారం. అక్క ఇచ్చిన ఒక జాబితాలో నంబరు సరిగా లేకపోతే, అడుగుదామని మధ్యాహ్నం లాండ్రీకి వెళ్ళాను. గేటు దగ్గర బొగ్గు కట్టేసి ఉంది. నల్లటి ఒళ్ళు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంది. నన్ను చూసి తోకైనా ఊపలేదు. దాని చూపంతా ఇస్త్రీ గది తలుపు మీదే.

లోపల అక్క కాలర్లు ఇస్త్రీ చేసే మిషను దగ్గర వంగి పనిచేస్తోంది. ఎదురుగా తోడికోడలు. కిటికీ పక్కనుండే తన బల్లని ఈడ్చుకొచ్చి, అక్కకి ఎదురుగా వేసుకుంది. చేత్తో చొక్కా ఇస్త్రీ చేస్తోంది, చూపు మాత్రం అక్క మీద. చొక్కా చూడటంలేదు. నేను నిలబడిన పదినిమిషాల్లో ఒక జేబు మాడ్చింది. నాకు నంబరు చెప్పేటప్పుడు ఆవిడ ఎడమచేతి వేళ్ళు చూశాను, మూడింటికి కొత్త బొబ్బలు. కుడిచేతి మీద పాత కాలిన మచ్చ, మోచేతి దాకా.

"ఇస్త్రీపెట్టె చూసుకోకపోతే ఎట్లా అమ్మా?" అన్నాను.

"రెండూ చూడ్డానికి నాకు నాలుగు కళ్ళు లేవు కదండీ. ఉన్న రెండూ అక్కకి సరిపోతున్నాయి," అంది, చూపు తిప్పకుండా.

ఈల వినబడింది. ఆవిడ ఒక్క దూకులో అక్క భుజం పట్టి వెనక్కి లాగింది. అక్క తల తిప్పి తోడికోడలి వేళ్ళు చూసింది. ఆ మొహంలోకి నేను చూడలేకపోయాను. ఆవిడ నా కిటికీ దగ్గర పోట్లాడుతున్నది తన ఉద్యోగం కోసం కాదని అప్పుడు నా మట్టిబుర్రకెక్కింది. ఆ ఆదివారం నేను ఆఫీసు తాళం అడిగి తెచ్చుకుని, కిటికీ తెరిచాను. పందొమ్మిదేళ్ళలో మొదటి ఆదివారం. ముప్ఫై ఒక్క కుక్కలొచ్చాయి.

ఇరవై రెండో తేదీ సాయంత్రం అయిదు దాటితే ప్రెస్సు ఆ నెలకి ఇక ఆర్డర్లు తీసుకోదు, ఆలోపే అచ్చుకి ఆర్డరు వెళ్ళాలి. ఆ మధ్యాహ్నానికి చేతిలో తొమ్మిది ఫారాలు మిగిలాయి. మూడింటికి నాలుగు. నాలుగున్నరకి ఒకటి. ఆ ఒక్కటి అక్కడే ఆగిపోయింది. హాలు ఖాళీ అయ్యింది. ఆఫీసరు గారు మెట్ల మీంచి తొంగి చూసి, "రేపు చూద్దాం లెండి," అన్నారు. రేపు చూస్తే అచ్చయ్యేది నెల దాటాక.

అక్క కిటికీకి అవతల నిలబడి ఉంది. వాళ్ళాయన ఆఖరి ఇంటికి వెళ్ళి వట్టి చేతులతో వచ్చాడు. అక్క గడియారం చూసింది, నన్ను చూసింది, కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి నా చొక్కా భుజం మీంచి ఏదో తీసింది.

"గుమాస్తా గారూ, ఈ తేనెరంగు వెంట్రుక ఎవరిదండీ?"

"ఇవాళొచ్చిన కుక్కల్లో దేనిదో అయ్యుంటుంది."

"ఇవాళొచ్చినవాటిలో తేనెరంగుది లేదు. మీ ఇంటి నంబరు మూడువందల తొంభై. ఆరేళ్ళుగా మీ చొక్కాలు నేనే ఇస్త్రీ చేస్తున్నా."

మా ఆవిడ చెల్లెలు ఊరెళుతూ రెండు వారాలు చూసుకోమని వదిలి వెళ్ళిన కుక్క అది. ఆ రెండు వారాలు ఆరేళ్ళయ్యాయి. కుక్కల లైసెన్సు గుమాస్తా ఇంట్లో లైసెన్సు లేని కుక్క. ఇవాళా రేపూ అనుకుంటూ వచ్చి, ఆ తరువాత ఏ మొహం పెట్టుకుని రాసుకోవాలో తెలియక ఊరుకున్నాను. ఇంటికెవరైనా ఆఫీసువాళ్ళొస్తే దాన్ని స్నానాల గదిలో దాచేవాళ్ళం.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజు పేపరు లాగినప్పుడే మీ కాలరు లోపలి నంబరు చూశా."

"మరి ఇన్నాళ్ళూ అనలేదేం?"

"ఆఖర్లో ఒకటి తక్కువ పడితే ఉంటుందని దాచుకున్నా."

జనన మరణాలాయన బల్ల మీంచి దొర్లిపడేలా నవ్వాడు. నవ్వనీ. నా ఫారం నేనే నింపి, నేనే సంతకం పెట్టి, నా కుక్క బిళ్ళ నేనే జేబులో వేసుకుని, ఖాళీ అట్ట పట్టుకుని మెట్లెక్కాను. ఆఫీసరు గారు స్టోరు రిజిస్టరులో "నిల్వ శూన్యం" అని రాసి, అచ్చు ఆర్డరు మీద సంతకం పెట్టేసరికి అయిదుకి నాలుగు నిమిషాలు తక్కువ.

కొత్త ఫారాలొచ్చాయి. ఒకటో నంబరు ఫారం అక్కది. అందులో శిక్షణ ఇచ్చినవారు అన్నచోట ఇద్దరి సంతకాలకి జాగా సరిపోక, తోడికోడలిది అంచు మీదికి పాకింది. కొత్త నిబంధన ప్రకారం, కుక్క ఆ పని నిజంగా చేస్తుందని పశువుల డాక్టరు కళ్ళారా చూసి ధృవీకరించాలి. నెలాఖరుకి ఒకరోజు ముందు, డాక్టరుతో కలిసి నేనూ లాండ్రీకి వెళ్ళాను.

డాక్టరు గారు నిక్కచ్చి మనిషి. బాయిలరాయన్ని ఈల వెయ్యమన్నారు. బొగ్గు కదల్లేదు. అక్క తాపీగా, "నేను ఆయన్నే చూస్తున్నాను కదండీ, ఈల నోట్లో పెట్టుకోవడం నాకు కనబడుతూనే ఉంది. నేను చూస్తుంటే అదెందుకు చెబుతుంది?" అంది.

"అయితే ఉత్తుత్తి ఈల వద్దు. మీ పని మీరు చేసుకోండి. ఆయన నిజంగా ఆవిరి వదిలేటప్పుడే చూస్తాను," అన్నారు డాక్టరు. అక్క మిషను దగ్గరికి వెళ్ళి వంగింది. బొగ్గు ఆవిడ మడమల దగ్గర పడుకుంది. డాక్టరు గారు చుట్టూ చూసి, ఎదురు బల్ల వైపు వేలు చూపించారు. "ఆవిడ ఈవిణ్ణే చూస్తోంది. కళ్ళతో సైగ చేసినా ఈవిడకి తెలిసిపోతుంది. ఆవిణ్ణి అటు తిరగమనండి."

తోడికోడలు కదల్లేదు.

"నేను తిరగనండీ. ఏమైనా అయితే?"

"అయితే నేను సంతకం పెట్టలేనమ్మా."

"పెట్టకండి. నేను మాత్రం తిరగను." కాలిన చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుంది. నెల రోజుల శ్రమ, రెండువందల ఎనభయ్యారు కుక్కలు, అన్నీ ఆ ఒక్క మనిషి భయం దగ్గర ఆగిపోయాయి. ఆవిణ్ణి ఏమనగలం?

అక్క మిషను దగ్గర్నుంచి లేచొచ్చింది. తోడికోడలి రెండు భుజాలూ పట్టుకుంది. అంత గట్టిగా మాట్లాడే మనిషి, ఆ ఒక్కసారి మెల్లగా మాట్లాడింది.

"ఇన్నాళ్ళూ నువ్వు నన్ను చూశావు. ఇక చాలమ్మా. తిరుగు."

తోడికోడలు తన బల్లని ఈడ్చుకుంటూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. గోడవైపు తిరిగింది. ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంది.

ఎంతసేపో తెలియదు. గదిలో మిషన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు బాయిలరు గదిలోంచి ఈల వినబడింది. తోడికోడలి భుజాలు ఒక్కసారిగా పైకి లేచాయి, మెడ బిగుసుకుంది, చేతిలో ఇస్త్రీపెట్టె గాలిలో ఆగిపోయింది. తిరగలేదు. బొగ్గు లేచి, ముక్కుతో అక్క మోకాలి వెనక పొడిచింది. ఒకటి, రెండు. అక్క బట్ట వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. ఆవిరి బుస్సుమని నేలంతా కమ్మేసింది. పొగ విడిపోయేసరికి అక్కా, బొగ్గూ గోడ పక్కన ఉన్నారు, అది బిస్కెట్టు కోసం మొహం పైకెత్తి చూస్తోంది.

డాక్టరు గారు అక్కడే మిషను మీద కాగితం పెట్టి సంతకం చేశారు. ఆకుపచ్చ బిళ్ళ నేనే కట్టాను.

"అయిపోయిందమ్మా, ఇక తిరగొచ్చు," అన్నారు డాక్టరు, కిటికీ వైపు చూసి.

తోడికోడలు తిరగలేదు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, చొక్కా కాలరు సరిచేసి, దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించింది.

"ఎందుకండీ? నా పని ఇటుంది," అంది.